నాలుగక్షరాల సాక్ష్యం

"ఇంకెంతసేపు వదినా? మెట్లేగా, శిల్పాలు కావుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కింది గుమ్మంలోంచి.

డిటెక్టివ్ తల ఎత్తలేదు. మెట్ల మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వెలుగును ఒక్కో మెట్టు మూలలోకీ పోనిస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. ఇంట్లో భోజనానికి కూర్చుంటే మారు వడ్డించమని వదిన వెంటపడే మనిషి, ఒంటిమీదికి యూనిఫాం వచ్చేసరికి ఆమెను పెరట్లో దూరిన మేకను అదిలించినట్టు అదిలిస్తాడు. ఆమె అదిలిస్తే కదిలే రకం కాదు. పట్టుకుంటే వదలదని స్టేషన్లో ఆమెకు 'ఉడుం' అని పేరు పెట్టారు. పెట్టినవాడు ఈ మరిదే.

ఈ మెట్ల మీదనుంచే ఐదు రోజుల క్రితం పజిల్ టీచర్ని ఎవరో తోసేశారు. ఇంగ్లిషు పేపరు చదివేవాళ్ళందరికీ ఆవిడ ఆ పేరుతోనే తెలుసు. రోజూ ఆఖరి పేజీలో నాలుగైదు అక్షరాలు ఇస్తుంది. ఆ అక్షరాలన్నీ అదే వరసలో వచ్చే ఇంగ్లిషు మాటలు ఎన్ని దొరికితే అన్ని పట్టుకోవాలి. ముందూ వెనకా మధ్యలో వేరే అక్షరాలు ఎన్నయినా ఉండొచ్చు. పొద్దున్నే ఆ పజిల్ తేలందే డిటెక్టివ్‌కి మరో పని మీద మనసు పోదు. ఒకసారి టీచర్ జవాబుల్లో ఒక మాట వదిలేసిందని పేపరాఫీసుకు ఫోన్ చేసి దెబ్బలాడింది కూడా. మర్నాడు టీచరే ఆమెకు ఫోన్ చేసి, ఆ మాట తప్పు, మీ డిక్షనరీ మార్చుకోండి అని చెప్పి ఠక్కున పెట్టేసింది. అప్పట్నుంచి ఆవిడంటే డిటెక్టివ్‌కి లోపల్లోపల గౌరవం.

ఆ సాయంత్రం టీచర్ మేడ మీదినుంచి కిందికి దిగుతోంది. వెనకనుంచి ఎవరో ముఖం మీద తువ్వాలు కప్పి బిగించి, తోసేశారు. పక్కింటివాళ్ళు చప్పుడు విని వచ్చేసరికి తువ్వాలు అలాగే ఉంది, మనిషికి స్పృహ లేదు. అదే రోజు మధ్యాహ్నం ఇల్లమ్మే విషయంలో ఆవిడకీ పెద్దకొడుక్కీ గొడవ జరిగిందని వీధంతా చెప్పింది. స్పృహ వచ్చాక టీచర్ ఏదో చెప్పిందని ఇన్‌స్పెక్టర్ ఆ పెద్దకొడుకును లాకప్‌లో వేశాడు. పెద్దకోడలు డిటెక్టివ్ దగ్గరికొచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. మా ఆయన కోపిష్టే గానీ ఇలాంటి పని చేసే మనిషి కాదు, నిరూపించి పెట్టండి అంది.

డిటెక్టివ్ లేచి నిలబడి, మరిది చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచీ అడిగి తీసుకుంది. టీచర్ పడిన చోట దొరికిన పెన్సిల్ అందులో ఉంది. ఆవిడకి పెన్సిల్ జుట్టుముడిలో గుచ్చుకునే అలవాటు. మొన విరిగిపోయింది. చెక్క మీద చిటికెన గోరంత మేర గోధుమరంగు మరక.

పడ్డప్పుడు విరిగింది, మరక ఆవిడ చేతి రక్తమే అయుంటుంది అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మరి మొనేది?"

"ఏ మొన?"

"పెన్సిల్ మొన. విరిగితే ఎక్కడో ఒకచోట పడాలిగా. మీవాళ్ళు ఆ రోజే తలుపులకి సీలు వేశారు, ఎవరూ ఊడవలేదు. పైనుంచి కిందిదాకా నాలుగుసార్లు వెతికాను. లేదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. బియ్యపు గింజంత ముక్క కోసం మెట్లన్నీ మోకాళ్ళతో తుడిచిన వదినను చూస్తే అన్నయ్య మీద జాలేస్తోందన్నాడు. అయినా సాక్ష్యం మెట్ల మీద కాదు, హాస్పిటల్లో ఉందన్నాడు. వదిన తన కళ్ళతో చూసుకుని, ఆ తర్వాత బుద్ధిగా ఇంటికెళ్ళిపోవాలని షరతు పెట్టాడు.

"చూస్తాను. ఇంటికెళ్ళే సంగతి చూశాక నేను చెప్తాను," అని డిటెక్టివ్ పెన్సిల్ సంచీ తన దగ్గరే ఉంచుకుంది.

హాస్పిటల్‌కి వెళ్ళే దారిలో పెద్దకోడలు కార్లో ఇంటి సంగతులు చెప్పింది. టీచర్ అల్లుడు ఏటా పెద్ద ఎత్తున ఇంగ్లిషు పదాల పోటీ నడుపుతాడు. అక్షరాలు కూర్చి ఇచ్చేది అత్తగారే. ఈసారి పోటీకి ముందే ఆ అక్షరాలు కొందరికి చేరిపోయాయని టీచర్‌కి అనుమానం వచ్చింది. వేదిక ఎక్కి అందరి ముందూ చెప్పేస్తానని భోజనాల దగ్గర అంది. అల్లుడు మాత్రం తొణకలేదు, మీ ఇష్టం అత్తయ్యగారూ అన్నాడట. దెబ్బ తగిలిన రోజునుంచీ ఆవిడ మంచం పక్కనుంచి కదలకుండా సేవ చేస్తున్నదీ అతనే. సొంత ఖర్చుతో వేరే నర్సును కూడా పెట్టాడట.

గది చిన్నది. మంచం మధ్యలో ఉంది. టీచర్ దవడ విరిగితే తీగలతో కట్టేశారు, నోరు తెరవడానికి లేదు. తలకి దెబ్బ తగిలి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. కుడిచేతికి పిండికట్టు. చూపుడు వేలొక్కటే బయటికి ఉంది. కలం పట్టే వీలు లేదు గానీ, ఆ ఒక్క వేలితో అక్షరాల అట్ట మీద చూపించగలదు.

అల్లుడు మంచానికి ఎడమపక్కన, దిండు దగ్గరగా నిలబడి ఉన్నాడు. అట్ట అతని ఎడమచేతిలో ఉంది. అతని వెనకాల సెలైన్ స్టాండు, దాని దగ్గర నర్సు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర ఆగాడు. పెద్దకోడలు మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. డిటెక్టివ్ కుడివైపునుంచి వెళ్ళి, మంచం అంచున కూర్చుంది.

"టీచర్, డిక్షనరీ మార్చుకోమన్నారు, గుర్తుందా? మార్చలేదు," అంది.

టీచర్ కళ్ళు ఆమె మీదికి తిరిగాయి. కట్లన్నిటి మధ్యా ఆ కళ్ళు నవ్వాయి. వేలు దుప్పటి మీద ఒకసారి టక్కున కొట్టింది. ఈ మనిషికి మతి పోలేదు, అనుకుంది డిటెక్టివ్. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కొట్టమని ఒప్పందం చేసుకుంది. మిమ్మల్ని తోసిందెవరో చెప్పగలరా అని అడిగింది. అల్లుడు వినయంగా అట్ట ముందుకు చాపాడు.

వేలు కదిలింది. ఎల్. డి. ఇ. ఆర్. అక్కడితో ఆగిపోయింది.

"చూశారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎల్డర్. మొదటి 'ఇ' మరిచిపోయింది, అంతే. పెద్దవాడు. నేను అడిగిన నాలుగుసార్లూ ఇదే చెప్పింది. తల్లే కొడుకును పట్టిచ్చాక మధ్యలో మీరూ నేనూ ఏం మాట్లాడతాం?"

టీచర్ వేలు రెండుసార్లు కొట్టింది. మళ్ళీ రెండుసార్లు.

"కాదంటోంది," అంది డిటెక్టివ్.

కన్నకొడుకు కదా, ఇప్పుడు కాదనే అంటుంది అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరే, నీ మాటే తీసుకుందాం. ఎల్డర్‌లో మొదటి అక్షరమూ 'ఇ', నాలుగోదీ 'ఇ'నే. నాలుగోదాని మీద వేలు పెట్టిన మనిషికి మొదటిది కనపడకపోవడమేంటి? పాతికేళ్ళు జనానికి అక్షరాలు పంచిపెట్టిన మనిషి. నువ్వు అడిగిన నాలుగుసార్లూ అదే అక్షరం మరిచిపోతుందా?"

తలకి దెబ్బ తగిలిందన్న సంగతి వదిన మరిచిపోతోందని అతను విసుక్కున్నాడు. డిటెక్టివ్ వినిపించుకోలేదు. అట్టనే చూస్తోంది. ఐదు వరసలు, వరసకి ఆరేసి అక్షరాలు. ఆఖరి వరసలో మాత్రం రెండే. ఈ అట్ట మీద ఉన్న అక్షరాలన్నీ ఒక్కొక్కటే చూపించండి టీచర్, తొందరేం లేదు అంది.

వేలు 'డి' దగ్గర మొదలైంది. ఇ, ఎఫ్. కింది వరసలోకి దిగి జె, కె, ఎల్. ఆ కింద పి, క్యు, ఆర్. తర్వాత వి, డబుల్యు, ఎక్స్. అక్కడ వేలు ఆగి, పని అయిపోయినట్టు దుప్పటి మీద వాలింది.

ఇన్‌స్పెక్టర్ గట్టిగానే నిట్టూర్చాడు. ఇంగ్లిషు టీచర్‌కి ఇంగ్లిషులో పన్నెండే అక్షరాలున్నాయని ఇప్పుడే తెలిసింది, ఇక చాలించండి అన్నాడు.

డిటెక్టివ్ మాత్రం టీచర్ ముఖంలోకి చూసింది. టీచర్ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కట్టున్న చేతిని అతికష్టం మీద ఎత్తి తుడుచుకుంది, కుడిచెంప మాత్రమే. ఎడమచెంప మీది నీళ్ళు గడ్డం దాకా జారి దిండులో ఇంకుతున్నా, అక్కడ తనకొక చెంప ఉందన్న సంగతే తెలియనట్టు చెయ్యి దించేసింది.

డిటెక్టివ్ లేచి గోడకున్న ఫోన్ తీసి డ్యూటీ డాక్టర్ని అడిగింది. అవతలినుంచి వచ్చిన జవాబు విని, అదే మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పమని రిసీవర్ అతని చెవికి ఆనించింది. మెదడులో కుడివైపు దెబ్బ తగిలినవాళ్ళకి ఒక్కోసారి ఎడమవైపు ప్రపంచమే ఉండదు. ఎడమవైపు మనిషి నిలబడినా తెలీదు, కంచం పెడితే సగమే కనపడుతుంది, సగం లేదన్న సంగతి కూడా వాళ్ళకి తెలీదు. ఇదంతా మొన్ననే ఇంట్లోవాళ్ళకి వివరంగా చెప్పామన్నాడు డాక్టర్. ఎవరికి చెప్పారని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

రిసీవర్ పెట్టేసి అతను అల్లుడి వైపు తిరిగాడు. "మీకే చెప్పారట. మాకు చెప్పలేదేం?"

ఈ హడావిడిలో మరిచిపోయానన్నాడు అల్లుడు. గొంతు మామూలుగానే ఉంది.

"మరిచిపోయినవారు రోజూ మరిచిపోకుండా ఎడమపక్కనే నిలబడ్డారే," అంది డిటెక్టివ్. "ఆవిడకి కనపడని చోటే."

అతని చేతిలోని అట్ట లాక్కుని, ట్రేలోని కత్తెర తీసి, మధ్యకి నిలువునా కత్తిరించింది. అది హాస్పిటల్ ఆస్తి అని ఇన్‌స్పెక్టర్ అలవాటు కొద్దీ గొణిగాడు. బిల్లు మీ అన్నయ్యకి పంపమని చెప్పి, ఎడమ ముక్కను కుడి ముక్క కింద పెట్టి, కట్టుకు వాడే టేపుతో అతికించింది. చేతులు ఆ పని చేస్తుండగా బుర్ర పొద్దుటి పజిల్ పనిలో పడింది. ఎల్, డి, ఇ, ఆర్ అదే వరసలో రావాలి. కనిపించే పన్నెండులో ఇక మరేదీ ఉండకూడదు, ఉంటే ఆవిడ చూపించేది. ఫోల్డర్ కాదు, 'ఎఫ్' ఆవిడకి కనపడుతుంది. లీడర్ కాదు, ఇంకో 'ఇ' చూపించేది. ల్యాడర్ కాదు, అందులో రెండు 'డి'లు. మిగిలినవి బిల్డర్, సోల్జర్, హోల్డర్, బౌల్డర్, ఐలాండర్. ఇంటికి బిల్డరున్నాడా? వీధిలో సోల్జరున్నాడా? ఇవన్నీ మనుషుల కోసం వెతుకుతున్న మాటలు. ముఖం మీద తువ్వాలు కప్పినవాణ్ణి ఆవిడ చూడనే లేదు కదా. చూడని మనిషి గురించి ఏం చెప్పగలదు?

సంచీలోని పెన్సిల్ గుర్తొచ్చింది. జుట్టుముడిలోంచి లాగి, వెనక్కి, భుజం మీదుగా పొడిస్తే ఎక్కడ దిగుతుంది?

మాట తెలిసిపోయింది. కానీ తను చెప్పకూడదు. ఆవిడే చెప్పాలి.

అతికించిన అట్టను కుడివైపు, వేలికి అందేలా నిలబెట్టింది. ఇంతవరకూ మీకు సగం అక్షరాలే ఇచ్చారు టీచర్, ఇవి మిగతా సగం అంది. టీచర్ ఆ అట్టను చూస్తూ ఉండిపోయింది. ఐదు రోజులుగా తను అరుస్తున్నది ఎవరికీ ఎందుకు వినపడలేదో అప్పుడే తెలిసినట్టుంది. దవడ తీగల వెనక ఊపిరి బుసకొట్టింది. వేలు లేచింది. ఈసారి అక్షరాన్ని చూపించలేదు, పొడిచింది.

ఎస్. హెచ్. ఓ. యు. ఎల్. డి. ఇ. ఆర్.

"షోల్డర్," అంది పెద్దకోడలు. "భుజం."

డిటెక్టివ్ పెన్సిల్ సంచీ పైకెత్తి చూపించింది. దీంతో పొడిచారా అని అడిగింది. టక్. మొన లోపలే విరిగిందా? టక్.

అల్లుడు కాఫీ తాగొస్తానని తలుపువైపు నడిచాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడలేదు గానీ, పక్కకీ జరగలేదు. వదిన మాట తప్పని తేలితే బావుండునన్న ఆశ, నిజమైతే వదలకూడదన్న పట్టుదల, రెండూ అతని ముఖంలో కనపడుతూనే ఉన్నాయి.

"ఒక్క చిన్న సాయం చేసి వెళ్ళండి," అంది డిటెక్టివ్. "ఈ కత్తెర ఆ అల్మరా పైన పెట్టండి. కుడిచేత్తో."

అతను కత్తెర వైపు చూశాడు. కుడిచెయ్యి ఎత్తబోయి, మోచెయ్యి ఛాతీ దాటకముందే పెదవి కొరుక్కున్నాడు. వెంటనే మొహం మారింది. ఇన్‌స్పెక్టర్‌గారూ, మీ వదిన ఆడించినట్టల్లా ఆడతారా, రేపు మీ పైవాళ్ళకి ఏం చెప్పుకుంటారో ఆలోచించుకోండి అన్నాడు. తప్పు మనిషి దగ్గర తప్పు మాట వాడాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. మారుమాట లేకుండా అతని చొక్కా గుండీలు విప్పి, భుజం మీదినుంచి బట్ట లాగేశాడు. కుడిభుజం ముందువైపు ప్లాస్టరు. దాని కింద వాచి, చీము పట్టిన గుండ్రటి గాయం. మధ్యలో చర్మం లోపల పెన్సిల్ రంగు చుక్క.

"ఇదిగో నీ మొన," అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూడకుండా సంకెళ్ళు తీశాడు. అవి బిగిస్తూ, పెద్దకోడలితో మీ ఆయన్ని సాయంత్రంలోగా పంపిస్తానన్నాడు, గోడకి చెప్పినట్టు. పెద్దకోడలు అప్పుడు ఏడ్చింది. మంచం కాళ్ళ దగ్గర కూలబడి, అత్తగారి పాదం మీద తలానించి ఏడ్చింది.

టక్ టక్ టక్ టక్.

టీచర్ వేలు అట్టను ఆగకుండా కొడుతోంది. అందరూ అటు తిరిగారు. ఇంకా ఉందా టీచర్ అని డిటెక్టివ్ వంగి అడిగింది. వేలు కింది ముక్క మీదికి పోయింది, పైకి వచ్చింది, మళ్ళీ కిందికి దిగింది.

టి. డబుల్యు. ఓ.

"ఇద్దరా?"

టక్.

సంకెళ్ళలో ఉన్నవాడి ముఖంలోని రంగు అప్పుడు పోయింది. గాయం బయటపడ్డప్పుడు కూడా అంతగా పోలేదు. డిటెక్టివ్ అది చూసి, మళ్ళీ టీచర్ వైపు తిరిగింది. రెండో మనిషిని చూశారా? రెండుసార్లు కొట్టింది, లేదని. గొంతు విన్నారా? ఒకసారి. మగగొంతా? రెండుసార్లు.

ఇన్‌స్పెక్టర్ చూపు నేరుగా పెద్దకోడలి మీదికి పోయింది. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే లేచి, మంచానికి కుడివైపు వచ్చి నిలబడింది.

"అత్తయ్యా, అనుమానం ఉంచకండి. నా గొంతేనా?"

టక్ టక్. కాదు. టీచర్ వేలు కోడలి చేతిని తాకి, అక్కడే కాసేపు ఉంది.

అయితే ఎరిగిన గొంతు కాదు, అనుకుంది డిటెక్టివ్. ఎరిగినదైతే ఇన్నాళ్ళూ పేరు చెప్పడానికే తంటాలు పడేది. ఎరగని ఆడమనిషి. అల్లుడికి తెలిసిన మనిషి. ఆలోచన అక్కడికి వచ్చేసరికి ఆమె మెల్లగా తలెత్తి, మంచం అవతలికి చూసింది. ఎడమవైపు. టీచర్‌కి లేని వైపు.

నర్సు సెలైన్ స్టాండు దగ్గరే ఉంది. ఇంత గొడవ జరిగినా నోరు విప్పలేదు. ఆమె చేతిలో నిండు సిరంజి ఉంది. దాని సూది అప్పటికే సెలైన్ గొట్టంలో గుచ్చి ఉంది. బొటనవేలు వెనకనుంచి ఆనించి ఉంది.

"ఆ ఇంజెక్షనేంటి చెల్లెమ్మా?" అంది డిటెక్టివ్, మామూలుగా.

నర్సు సిరంజి వైపు వేలు చూపించి, తల ఊపింది.

"తల ఊపొద్దు. నోటితో చెప్పు."

తలుపు దగ్గర అల్లుడు వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. ఇన్‌స్పెక్టర్ అది చూశాడు. కానీ ఒక చేతిలో నేరస్థుడు, మధ్యలో మంచం. అడుగు వేస్తే ఆ బొటనవేలు ఏం చేస్తుందో తెలీదు.

"టైమైంది," అంది నర్సు చివరికి. "అడ్డు లేవండి, నన్ను తొందరగా కానివ్వండి."

టీచర్ ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. ఐదు రోజులుగా కుడివైపే వాలిన తల, మెడనరాలు తేలేలా, దిండు మీద ఎడమవైపుకు తిరగడం మొదలుపెట్టింది. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి అందడం లేదు. అయినా వెతుకుతూనే ఉంది. వేలు మాత్రం అట్ట మీద ఒక్కటే దెబ్బ కొట్టింది.

డిటెక్టివ్ టీచర్ మీదుగా అడ్డంగా వాలి, ఆవిడ ఎడమచేతిలోకి దిగుతున్న సెలైన్ గొట్టాన్ని దొరకబుచ్చుకుంది. రెండు మడతలు వేసి, ఆ మడతను పిడికిట్లో నలిపిపట్టింది. అలాగే తలెత్తి నర్సు కళ్ళలోకి చూసింది.

"ఇప్పుడు నొక్కు," అంది. "చూద్దాం."